వాకిట్లో జయవిజయులు: భజన రికార్డింగ్‌లో నాయిస్ గేట్, ఎక్స్‌పాండర్



ఈ వారం వీడియోలో భజనలు, హారతులు ఇంట్లో రికార్డు చేసుకునేటప్పుడు వెనకాల వచ్చే ఫ్యాన్ మోత, బండ్ల చప్పుడు ఎట్లా తగ్గించాలో చూపించాం. వీడియోలో సెట్టింగులు గబగబా చెప్పుకుంటూ పోయాం కాబట్టి ఇక్కడ నిదానంగా, అంకెలతో సహా రాస్తున్నాను. ఒక పెన్ను, కాగితం పక్కన పెట్టుకుని చదవండి.

దానికంటే ముందు ఒక తప్పు గురించి చెప్పాలి. అది నేను చేసిందే.

మా ఇల్లు కాజీపేటలో, రైల్వే లైనుకు దగ్గర. సికింద్రాబాద్ నుంచి వచ్చే లైను ఇక్కడే చీలి ఒకటి బల్లార్షా వైపు, ఇంకోటి విజయవాడ వైపు పోతుంది. అంటే అర్ధరాత్రి కూడా మాకు పూర్తి నిశ్శబ్దం అనేది ఉండదు. మూడేళ్ల కింద కార్తీక మాసంలో మా బాపమ్మ పాడే మంగళహారతులు రికార్డు చేద్దామనుకున్నా. ఆమెకు ఓ పన్నెండు హారతులు నోటికి వచ్చు. ఎక్కడా రాసి లేవు, వాళ్లమ్మ దగ్గర విని నేర్చుకున్నవి.

అప్పుడే కొత్త మైకు కొన్నాను. సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ గేట్ అనేది ఉంటుందని ఎక్కడో చూసి, రికార్డింగ్ మొదలుపెట్టకముందే దాన్ని మైకు దారిలోనే పెట్టేశాను. బాపమ్మ ఆగగానే ఫ్యాన్ మోత ఠక్కున మాయం. అబ్బ, ఎంత క్లీన్‌గా ఉందో అనుకున్నా. పన్నెండు హారతులూ ఒక్క సాయంత్రంలో అయిపోయాయి.

రాత్రి అందరం కూర్చుని విన్నాం. బాపమ్మ కాసేపు విని, "పాట మొత్తం పాడిన గద బిడ్డా, ఆఖరి మాటలు ఏడికి వోయినయ్?" అంది.

నిజమే. ఆమె గొంతు ప్రతి చరణం చివర మెల్లగా సన్నబడి, ఊపిరిలో కలిసిపోయేది. సరిగ్గా అక్కడే గేట్ మూసుకుంది. ప్రతి పాదం చివర ఒకటి రెండు అక్షరాలు కత్తెరతో కోసినట్టు పోయాయి. "సంక్రాంతి అయినంక మళ్లీ చేద్దాం బాపమ్మా" అన్నాను. సంక్రాంతికి ఆమె ఆస్పత్రిలో ఉంది. మాఘంలో వెళ్లిపోయింది.

మీ ఇంట్లో కూడా ఇట్లా పాడే పెద్దవాళ్లు ఉంటారు. అందుకే ఈ పోస్టు.

గేట్ అంటే ఏంటి?

భాగవతంలో జయవిజయుల కథ మీకు తెలుసు. మన దగ్గరి బమ్మెరకు చెందినవాడని చెప్పుకునే పోతన గారి తెలుగు భాగవతంలోనూ ఉంది. వైకుంఠం వాకిట్లో ఇద్దరు ద్వారపాలకులు. సనకసనందనాదులు వచ్చారు. మహా జ్ఞానులే, కానీ చూడటానికి చిన్నపిల్లల్లా ఉంటారు. జయవిజయులు ఆకారం చూసి వాళ్లని ఆపేశారు, శాపం తెచ్చుకున్నారు.

నాయిస్ గేట్ కూడా అట్లాంటి ద్వారపాలకుడే. దానికి పాట తెలీదు, ఫ్యాన్ తెలీదు. తెలిసింది ఒక్కటే: వచ్చే శబ్దం ఎంత పెద్దగా ఉంది? మనం ఒక గీత గీస్తాం. దాన్ని థ్రెషోల్డ్ అంటారు. ఆ గీతకు పైన ఉన్న శబ్దం లోపలికి వస్తుంది, కింద ఉన్నది ఆగిపోతుంది. ఫ్యాన్ మోత చిన్నది కాబట్టి ఆగుతుంది. బాపమ్మ చివరి అక్షరం కూడా చిన్నదే కాబట్టి అదీ ఆగింది. గేట్ తన పని తాను సరిగ్గానే చేసింది. గీత ఎక్కడ గీయాలో నాకే తెలియలేదు.

గేట్ చేయలేని పని

ఇది చాలామందికి తెలియని విషయం. గేట్ గొంతు కింద ఉన్న మోతని తీసేయదు. పాట పాడుతున్నప్పుడు తలుపు తెరిచే ఉంటుంది కదా, గొంతుతో పాటు ఫ్యాన్ కూడా లోపలికి వస్తుంది. పాట ఆగినప్పుడు మాత్రమే రెండూ ఆగుతాయి.

దీనివల్ల ఒక చిక్కు ఉంది. మోత ఎక్కువగా ఉన్న రికార్డింగ్‌కి గేట్ పెడితే పాడినప్పుడల్లా "హుష్" అని మోత వస్తుంది, ఆపగానే "ఠప్" అని పోతుంది. ఎప్పుడూ ఒకేలా ఉండే మోతని మన చెవి కాసేపటికి పట్టించుకోవడం మానేస్తుంది. వస్తూ పోతూ ఉండే మోతని మాత్రం వదలదు. అంటే గేట్ వల్ల మోత ఇంకా ఎక్కువ తెలుస్తుంది.

ఎక్స్‌పాండర్ తేడా ఎక్కడ?

గేట్ తలుపు ధడాలున మూస్తుంది. ఎక్స్‌పాండర్ మెల్లగా దగ్గరకు వేస్తుంది. గీత కింద ఉన్న శబ్దాన్ని పూర్తిగా చంపేయదు, ఇంకాస్త కిందికి నెడుతుంది. ఎంత నెట్టాలో చెప్పేది రేషియో.

ఒక లెక్క వేద్దాం. డిజిటల్ రికార్డింగ్‌లో సున్నా డీబీ అంటే పై కప్పు, అన్నీ దాని కిందే మైనస్‌లో ఉంటాయి. మీ గదిలో ఇట్లా ఉందనుకోండి:

- మామూలుగా పాడే గొంతు: −18 డీబీ
- చరణం చివర సన్నబడిన గొంతు: −40 డీబీ
- ఇంకా సన్నగా, ఊపిరిలో కలిసే చోట: −48 డీబీ
- ఫ్యాన్ మోత: −52 డీబీ

థ్రెషోల్డ్ −44 దగ్గర, రేషియో 2 పెట్టారు. అంటే గీత కింద ప్రతి 1 డీబీకి ఇంకో 1 డీబీ కిందికి పోతుంది. −18, −40 రెండూ గీత పైనే, వాటిని ముట్టుకోదు. −48 గీతకి 4 కింద, అది −52 అవుతుంది. సన్నబడుతుంది కానీ ఉంటుంది. ఫ్యాన్ 8 కింద, అది −60 అవుతుంది. మోత 8 డీబీ తగ్గింది, పాట తోక తెగలేదు.

అదే −44 దగ్గర గేట్ పెడితే? −48 దగ్గర ఉన్న ఊపిరి మొత్తం పోతుంది. నేను ఆ రోజు పెట్టింది −30. ఇప్పుడు మీకే అర్థమవుతుంది బాపమ్మ పాటలో ఎంత పోయి ఉంటుందో.

లెక్క ప్రకారం గేట్ అంటే రేషియో విపరీతంగా పెంచిన ఎక్స్‌పాండరే. రెండూ ఒకే కుటుంబం. కంప్రెసర్ గీతకు పైన ఉన్నదాన్ని తగ్గిస్తుంది, ఎక్స్‌పాండర్ గీతకు కింద ఉన్నదాన్ని తగ్గిస్తుంది.

ఇది కొత్త సంగతేమీ కాదు. ఇంట్లో పాత క్యాసెట్ డెక్ ఉంటే దాని మీద "డాల్బీ ఎన్.ఆర్." అనే బటన్ చూడండి. రే డాల్బీ 1965లో లండన్‌లో మొదలుపెట్టిన కంపెనీది ఆ పద్ధతి. రికార్డు చేసేటప్పుడు చిన్న శబ్దాలను పెంచి టేప్ మీద ఎక్కిస్తారు, వినేటప్పుడు అంతే తగ్గిస్తారు. ఆ తగ్గింపుతో పాటు టేప్ బుస కూడా తగ్గుతుంది. ఆ రెండో సగం చేసేది ఎక్స్‌పాండర్ పనే.

ఒక్కో మీట ఏం చేస్తుంది?

థ్రెషోల్డ్: గీత. మోత కంటే కాస్త పైన, అతి సన్నని గొంతు కంటే కింద ఉండాలి. ఆ రెండింటి మధ్య కనీసం 8, 10 డీబీ ఖాళీ లేకపోతే గేట్ జోలికి పోవద్దు. ముందు గది సంగతి చూడండి.

రేంజ్: తలుపు మూసినప్పుడు మొత్తం ఎంత తగ్గాలి అనేది. చాలామంది −80 అట్లాగే వదిలేస్తారు. భజనకి 6 నుంచి 12 డీబీ చాలు. పూర్తి నిశ్శబ్దం సహజంగా ఉండదు. పూజగదిలో కూడా ఏదో ఒక గాలి, ఏదో ఒక అలికిడి ఉంటుంది. అది పోతే వినేవాళ్లకి "ఆడియో ఆగిపోయిందా?" అనిపిస్తుంది.

అటాక్: తలుపు ఎంత తొందరగా తెరుచుకోవాలి. గొంతుకి 1 నుంచి 5 మిల్లీసెకన్లు. ఎక్కువ పెడితే "క", "ప", "త" లాంటి అక్షరాల మొదలు తినేస్తుంది. మరీ సున్నా పెడితే "టిక్" అని చప్పుడొస్తుంది. లుక్-అహెడ్ అనే సదుపాయం ఉంటే ఆన్ చేయండి, శబ్దం రాకముందే తలుపు తెరిచి పెడుతుంది.

హోల్డ్: గొంతు గీత కిందికి వచ్చాక కూడా తలుపు కొంచెంసేపు తెరిచి పట్టుకోవడం. 150 నుంచి 250 మిల్లీసెకన్లు.

రిలీజ్: ఆ తర్వాత మెల్లగా మూసుకోవడానికి పట్టే టైం. మాటలకి 150 మిల్లీసెకన్లు చాలు. పాటకి 300 నుంచి 500 పెట్టండి.

హిస్టరీసిస్: పేరు చూసి భయపడకండి. తెరిచే గీత, మూసే గీత వేరువేరుగా పెట్టుకోవడం, అంతే. −40 దగ్గర తెరిచి −46 దగ్గర మూస్తే, గొంతు గీత మీద ఊగుతున్నప్పుడు తలుపు టపటపా కొట్టుకోదు.

ఒక్క గొంతు, ఒక్క గది: వరుసగా ఇట్లా చేయండి

1. రికార్డింగ్ బటన్ నొక్కాక 15 సెకన్లు ఎవరూ మాట్లాడకండి. ఆ ఖాళీ శబ్దంలోనే మీ గది మోత ఎంతో తెలుస్తుంది. రేపు ఎక్కడైనా దగ్గు, తలుపు చప్పుడు తీసేస్తే ఆ ఖాళీలో అతికించడానికి కూడా ఇదే పనికొస్తుంది.

2. రికార్డింగ్‌లో ఏ గేట్ వద్దు. మైకు నుంచి వచ్చింది వచ్చినట్టు దాచుకోండి. గేట్, ఎక్స్‌పాండర్ రెండూ తర్వాత, కాపీ మీద. ఈ పోస్టులో ఒక్క లైన్ గుర్తుపెట్టుకోవాలంటే ఇదే గుర్తుపెట్టుకోండి. తర్వాత పెట్టిన గేట్‌ని ఎప్పుడైనా తీసేయొచ్చు. రికార్డింగ్‌లోనే కలిసిపోయిన గేట్‌ని దేవుడు దిగొచ్చినా తీయలేడు.

3. పాటలో అన్నిటికంటే సన్నగా పాడిన చోటు వెతకండి. దాన్ని లూప్‌లో పెట్టండి. థ్రెషోల్డ్‌ని కింద నుంచి మెల్లగా పైకి తీసుకురండి. తోక తెగడం మొదలైన చోట ఆగి, 4 డీబీ వెనక్కి రండి. పెద్దగా పాడిన చోటు పెట్టి సెట్ చేస్తే ఎప్పుడూ తప్పే వస్తుంది.

4. రేషియో 2, రేంజ్ 8 డీబీతో మొదలుపెట్టండి.

5. హెడ్‌ఫోన్‌లో మొదటి నుంచి చివరి దాకా వినండి. మీటర్ చూడకండి, కళ్లు మూసుకుని వినండి. తలుపు తెరుచుకోవడం, మూసుకోవడం మీకు తెలుస్తోందంటే ఎక్కువైంది.

రీపర్‌లో రియాగేట్, ఆడాసిటీలో నాయిస్ గేట్ ఉంటాయి. మీటల పేర్లు అటూ ఇటూగా ఇవే.

ఏది ముందు, ఏది వెనక?

మొదట లో-కట్ ఫిల్టర్. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్, దాని హమ్ 50, 100, 150 దగ్గర వస్తుంది. గొంతుకి 80 హెర్ట్జ్ కింద కోసేస్తే ఫ్యాన్ గుర్రు, బండ్ల అదురు సగం పోతాయి. ఆడవాళ్ల గొంతుకి 100 దాకా వెళ్లొచ్చు.

రెండోది ఎక్స్‌పాండర్. మూడోది కంప్రెసర్. తారుమారు చేయొద్దు. కంప్రెసర్ పెద్ద శబ్దాన్ని తగ్గించి మొత్తాన్ని 6 డీబీ పైకి లేపితే, మోత కూడా 6 డీబీ లేస్తుంది. అప్పుడు గొంతుకి, మోతకి మధ్య ఖాళీ తగ్గిపోయి గీత గీయడానికి చోటుండదు.

చివర రివర్బ్. గుడి మండపంలో పాడినట్టు రావాలని మనం పెట్టే ప్రతిధ్వని గేట్ తర్వాతే రావాలి. ముందు పెడితే గేట్ ఆ ప్రతిధ్వనిని మధ్యలో కోసేస్తుంది.

కావాలనే అట్లా కోసినవాళ్లు ఉన్నారు. 1980లో పీటర్ గేబ్రియల్ ఆల్బమ్ కోసం ఫిల్ కాలిన్స్ వాయించిన డ్రమ్స్‌కి ఇంజనీర్ హ్యూ ప్యాడ్గమ్ పెద్ద గది ప్రతిధ్వని ఇచ్చి, దాన్ని గేట్‌తో ఠక్కున కత్తిరించాడు. మరుసటి ఏడు కాలిన్స్ సొంత పాట "ఇన్ ది ఎయిర్ టునైట్"తో ఆ శబ్దం ప్రపంచమంతా పాకింది. వాళ్లకి ఆ కోతే అందం. మన హారతికి తోకే అందం. పనిముట్టు ఒకటే, ఎందుకు వాడుతున్నామో తెలిసి ఉండాలి.

తంబురా, తాళాలు, బతుకమ్మ

శ్రుతిని తల్లి అని, లయని తండ్రి అని పెద్దలంటారు. తంబురా లేదా శ్రుతిపెట్టె ట్రాక్ మీద గేట్ ఎప్పుడూ పెట్టకండి. అది ఆగకుండా మోగడానికే ఉంది. ఒకే మైకులో గొంతు, శ్రుతిపెట్టె రెండూ పడ్డాయంటే అక్కడా వద్దు. పాట ఆగినప్పుడల్లా తల్లిని గదిలోంచి బయటికి పంపినట్టు ఉంటుంది. వీలైతే శ్రుతి వేరే ట్రాక్‌లో వేయండి, అది గొంతు మైకులో పడకుండా పాడేవాళ్లకి హెడ్‌ఫోన్‌లో వినిపించండి.

కంచు తాళాలు కొట్టాక రెండు మూడు సెకన్లు మోగుతూనే ఉంటాయి. రిలీజ్ 150 మిల్లీసెకన్లు పెడితే "ఠింగ్" కాస్తా "ఠిక్" అవుతుంది. తాళాలకి వేరే మైకు ఉంటే రిలీజ్ ఒకటిన్నర, రెండు సెకన్లు ఇవ్వండి, లేదా ఎక్స్‌పాండర్ మానేయండి.

గేట్ నిజంగా పనికొచ్చేది ఢోలక్ మైకు దగ్గర. ఐదుగురు కూర్చుని పాడుతుంటే ఢోలక్ మైకులో గొంతులు, హార్మోనియం అన్నీ పడతాయి. అక్కడ సైడ్‌చెయిన్ ఫిల్టర్ వాడండి. అంటే ద్వారపాలకుడు అన్ని శబ్దాలూ కాకుండా కొన్నే విని తలుపు తీస్తాడు. 150 హెర్ట్జ్ కింద ఉన్న శబ్దాన్ని మాత్రమే వినమంటే, గొంతుకి తెరుచుకోదు, ఎడమ చేతి గుమ్మకి తెరుచుకుంటుంది. కానీ కుడి చేతి వేళ్లతో వేసే సన్నని దెబ్బలు పోకుండా రేంజ్ 6, 8 డీబీ మించనీయకండి.

ఇక బతుకమ్మ. హన్మకొండలో సద్దుల రోజు వేయిస్తంభాల గుడి దగ్గర, పద్మాక్షి గుట్ట దగ్గర ఎంత సందడి ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. అక్కడ ఫోన్‌తో తీసిన వీడియోకి గేట్ పెడితే ఏమవుతుందో చూడండి. పాట కంటే చప్పట్లు పెద్దవి. ప్రతి చప్పట్‌కి గేట్ తెరుచుకుంటుంది, జనరేటర్ మోత గుప్పున వస్తుంది, మళ్లీ మూసుకుంటుంది. పాట మొత్తం ఊపిరాడనట్టు అవుతుంది. అట్లాంటి చోట ఆటోమేటిక్‌గా పనిచేసేది ఏదీ వద్దు. వాల్యూం గీతని చేత్తోనే అక్కడక్కడా 3, 4 డీబీ దించండి. టైం పడుతుంది, కానీ పాట బతుకుతుంది. నిజానికి ఆ సందడి మోత కాదు, అది పండగలో భాగమే.

లైవ్ పెట్టేవాళ్లకి

లైవ్‌లో తర్వాత సరిచేసుకునే వీలు లేదు. ఓ.బి.ఎస్.లో నాయిస్ గేట్ పెట్టగానే మొదట వచ్చే సెట్టింగ్ −26 దగ్గర తెరుచుకునేది, −32 దగ్గర మూసుకునేది. గేమ్ ఆడుతూ మైకు దగ్గర గట్టిగా మాట్లాడేవాళ్లకి అది సరిపోవచ్చు, పారాయణానికి అస్సలు సరిపోదు. అదే లిస్టులో ఎక్స్‌పాండర్ కూడా ఉంది. అది పెట్టుకుని, థ్రెషోల్డ్ మీ గదిని బట్టి దించుకోండి. లైవ్ మొదలవకముందు ఐదు నిమిషాలు రికార్డు చేసి విని చూసుకోండి. వీలైతే మైకు శబ్దాన్ని ఏమీ కలపకుండా ఇంకో ఫోన్‌లోనో, రికార్డర్‌లోనో కూడా దాచండి.

జూమ్‌లో సత్సంగం పెట్టేవాళ్లకి ఒక మాట. మీ తంబురా అవతలివాళ్లకి వినిపించట్లేదా? అది మీ మైకు తప్పు కాదు. ఒకేలా మోగే శబ్దాన్ని ఆ యాప్ మోత అనుకుని తీసేస్తుంది. ఆడియో సెట్టింగుల్లో సంగీతకారుల కోసం "ఒరిజినల్ సౌండ్" అని ఉంటుంది, అది ఆన్ చేయండి.

అన్నిటికంటే ముందు

ఏ సెట్టింగూ ముట్టుకోకముందు మైకు దగ్గరికి జరపండి. దూరం సగం చేస్తే గొంతు సుమారు 6 డీబీ పెరుగుతుంది, ఫ్యాన్ మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. రెండు అడుగుల దూరంలో ఉన్న మైకుని అరడుగుకు తెస్తే 12 డీబీ లాభం. మనం పైన ఎక్స్‌పాండర్‌తో కష్టపడి సాధించింది 8. ఇంకో లాభం కూడా ఉంది. ఎక్స్‌పాండర్ ఖాళీల్లోనే తగ్గిస్తుంది, దగ్గరి మైకు పాట కింద ఉన్న మోతని కూడా తగ్గిస్తుంది.

ఫ్యాన్ ఆపండి, కూలర్ ఆపండి, ఫ్రిజ్ ఉన్న గది తలుపు వేయండి. కిటికీకి మందపాటి దుప్పటి కట్టండి. ఒక్కో పాట మూడు నాలుగు నిమిషాలే కదా, చెమట పడితే మధ్యలో ఫ్యాన్ వేసుకోండి. పెద్దవాళ్లయితే మాత్రం ఎండాకాలంలో ఫ్యాన్ ఆపొద్దు. మోతతో రికార్డయినా ఫర్వాలేదు.

ఎందుకంటే చివరగా ఇది చెప్పాలి. బాపమ్మ పోయిన తర్వాత మా చిన్నక్క ఫోన్‌లో ఒక వీడియో దొరికింది. ఆ కార్తీక పౌర్ణమి రాత్రి దీపాలు పెట్టేటప్పుడు ఊరికే తీసింది. ఫ్యాన్ తిరుగుతోంది, పిల్లలు అరుస్తున్నారు, మధ్యలో ఓ గూడ్సు బండి హారన్ కొట్టుకుంటూ పోయింది. బాపమ్మ ఒక హారతి పూర్తిగా పాడింది, ప్రతి పాదం చివరి అక్షరం దాకా.

దానికి లో-కట్ 100 దగ్గర పెట్టాను. రేషియో ఒకటిన్నర, రేంజ్ 4 డీబీతో ఎక్స్‌పాండర్ పెట్టాను. అంతకంటే ఏమీ ముట్టుకోలేదు. ఇప్పుడు మా ఇంట్లో ప్రతి కార్తీకంలో పెట్టేది ఆ రికార్డింగే. రైలు హారన్ అట్లాగే ఉంది. నా క్లీన్ రికార్డింగులు పన్నెండూ హార్డ్ డిస్క్‌లో ఉన్నాయి, ఎవరూ అడగరు.

ఈ ఆదివారం మీ ఇంట్లో పెద్దవాళ్లని కూర్చోబెట్టి ఒక్క పాట రికార్డు చేయండి. గేట్ ఆఫ్‌లో ఉందో లేదో ఒకసారి చూసుకుని బటన్ నొక్కండి. వచ్చే వారం హార్మోనియంకి మైకు ఎక్కడ పెట్టాలో మాట్లాడుకుందాం.

శుభం.